అవ్వ పాటకు ఒక పెట్టె

పోయిన సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టించాలని అటక మీది సామాన్లన్నీ కిందికి దించాము. ఇత్తడి అండా, ఊయల గొలుసులు, పగిలిన లాంతరు, మా నాయన వాడిన తోలుసంచి, ఇట్లా ఒక్కొక్కటే దిగుతూ ఉంటే చివర్లో ఒక బిస్కెట్ల అట్టపెట్టె వచ్చింది. దుమ్ము దులిపి చూస్తే ఐదు వీడియో క్యాసెట్లు. ఒకదాని వీపు మీద మా చెల్లెలి పేరు, దాని పక్కన 1992 అని అంకెలు.

మా అమ్మకు ఎనభై రెండేండ్లు. గడప దగ్గర కూర్చుని అన్నీ చూస్తూ ఉండింది. కండ్లద్దాలు సరిచేసుకుని క్యాసెట్టును చేతిలోకి తీసుకుంది.

"దీంట్లో మీ అవ్వ పాట ఉండాది కదప్పా. ఒగ తూరి పెట్టు, విందాము" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. మా అవ్వ పోయింది 1995లో, మా నాయన 1998లో. ఇద్దరి ఫోటోలూ గోడ మీద ఉన్నాయి. గొంతులు మాత్రం ఎక్కడా లేవు. ఉంటే ఈ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలి. కానీ దాన్ని పెట్టడానికి డెక్కు ఏది?

ఇప్పటి పిల్లలకు డెక్కు అంటే తెలియదు. వీడియో క్యాసెట్ ప్లేయరుకు మేము పెట్టుకున్న పేరు అది. 1980ల చివర్లో మా కెలమంగలం చుట్టుపక్కల పల్లెల్లో చందాలు వేసుకుని, డెక్కు, టీవీ, మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి బాడుగకు తెచ్చేవాళ్ళము. వాకిట్లో చాపలు పరిస్తే ఊరంతా వచ్చేది. మొదటి సినిమా ముసలివాళ్ళకోసం, రెండవది అందరికోసం. మూడవ సినిమాకు మెలకువగా ఉండేది డెక్కుకు కాపలా వచ్చిన పిల్లవాడు ఒక్కడే. మాయాబజార్ ఎన్నిసార్లు అట్లా చూశామో లెక్క లేదు. 1957 నాటి ఆ సినిమాలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంది కదా, మూత తెరిస్తే చూసినవారికి ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనిపించినప్పుడు మా అవ్వ ప్రతిసారీ కొంగుతో నోరు మూసుకుని నవ్వేది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో మాకు తెర మీద తెలుగు వినిపించేది డెక్కులోనే. బెంగుళూరు దూరదర్శన్ కేంద్రం 1981లో మొదలైంది. మిద్దె మీది యాంటెన్నాను అటు తిప్పితే కన్నడం వచ్చేది. 1993లో సన్ టీవీ వచ్చి తమిళాన్ని ఇంటింటికీ తెచ్చింది. ఈటీవీ, జెమిని 1995లో పుట్టాయి గానీ, అవి మా ఇంటికి రావాలంటే కేబులాయన మనసు పెట్టాలి. కన్నడం మీద, తమిళం మీద నాకు ఏ కోపమూ లేదు. మూడు భాషలూ మాట్లాడనిదే మా సంతలో వంకాయలు కూడా కొనలేము. కానీ ఇంట్లో మాట్లాడే భాష తెరమీద కనిపిస్తే మనిషికి కలిగే ధైర్యం వేరు. ఆ ధైర్యాన్ని మేము రాత్రికి ఇంత అని బాడుగ కట్టి తెచ్చుకున్నాము.

సరే, అసలు సంగతికి వస్తాను.

డెక్కుకోసం హొసూరంతా తిరిగాను. రిపేరు అంగళ్ళలో అడిగితే నన్ను ఒక వింతమనిషిని చూసినట్టు చూశారు. వాళ్ళ తప్పేమీ లేదు. ప్రపంచంలో చివరిదాకా వీడియో క్యాసెట్ యంత్రాలు చేస్తూ వచ్చిన జపాను కంపెనీ ఫునాయ్, 2016 జులైలో ఆ పని మానేసింది. విడిభాగాలు దొరకడం లేదని వాళ్ళు చెప్పిన కారణం. ఎక్కడైనా డెక్కు ఉందంటే అది ఎవరో అటక మీద మరిచిపోయినదే.

బెంగుళూరులో క్యాసెట్లను ఫైళ్ళుగా మార్చే ఒకచోట రెండు క్యాసెట్లు ఇచ్చాను. పేరు వద్దు. టేపు మీద తెల్లటి బూజు పట్టి ఉంటే దాన్ని తుడవకుండానే యంత్రంలో తోశారు. ఒక క్యాసెట్టు మధ్యలో టేపు మడతపడి నలిగిపోయింది. "పాతది కదా సార్" అన్నారు. పాతది కాబట్టే కదా వాళ్ళ దగ్గరికి తెచ్చింది! మిగతా మూడింటినీ ఇంకొకచోట, ముందుగా బూజు తుడిపించి, నేను పక్కనే కూర్చుని చేయించుకున్నాను.

ఆ రెండవచోటి పెద్దాయన టేపు సంగతి విడమరచి చెప్పాడు. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంతపు పొడిని జిగురుతో అతికించినది. బొమ్మ, పాట అన్నీ ఆ పొడిలోనే ఉంటాయి. ఏండ్లు గడిచేకొద్దీ జిగురు తేమ పీల్చుకుంటుంది. జిగురు వదిలితే పొడి రాలుతుంది, పొడి రాలితే అవ్వ కూడా రాలిపోతుంది. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారంవాళ్ళు 2015లోనే 'డెడ్‌లైన్ 2025' అన్న పేరుతో ఒక హెచ్చరిక రాశారు. టేపుల మీద ఉన్నదాన్ని 2025లోపల కంప్యూటరులోకి ఎక్కించకపోతే అందులో ఎక్కువ భాగం ఇక దక్కదని దాని సారాంశం. టేపు ఒకవైపు పాడవుతూ ఉంటుంది, దాన్ని ఆడించే యంత్రాలు ఇంకొకవైపు మాయమవుతూ ఉంటాయి. అంత పెద్ద సంస్థకే ఆ భయం ఉంటే అటక మీది అట్టపెట్టె ఎంత?

ఫైళ్ళు చేతికి వచ్చాయి. ఒక్కొక్క క్యాసెట్టు మూడు గంటలు, ఆరు జీబీ. ఇంటికి వచ్చి ముప్పై రెండు జీబీల పెన్‌డ్రైవులో ఎక్కించబోతే, చోటు చాలదని కంప్యూటరు మొండికేసింది. ఖాతాలో డబ్బు ఉండగా చెక్కు తిరిగివచ్చినట్టయింది నా పని. బెంగుళూరులో ఉండే మా అబ్బాయికి ఫోను చేస్తే నవ్వాడు. పెన్‌డ్రైవు లోపల లెక్కలు రాసుకునే పద్ధతులు కొన్ని ఉన్నాయట. ఫ్యాట్32 అన్న పాత పద్ధతిలో ఒక్క ఫైలు నాలుగు జీబీలు దాటరాదు, మొత్తం చోటు ఎంత ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్ అన్న పద్ధతికి మారిస్తే ఆ అడ్డు ఉండదు. మార్చాను, ఎక్కింది. అయితే కొన్ని పెట్టెలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. కొనేముందు అది అడిగి తెలుసుకోవాలని నా పుస్తకంలో మొదటి మాటగా రాసుకున్నాను.

ఇక పెట్టె ఎన్నుకోవాలి. మా టీవీ పాతది. దానికి పెన్‌డ్రైవు దూర్చే రంధ్రం ఉంది గానీ, ఫోటోలు తప్ప వీడియోలు చూపించదు. టీవీ మార్చడానికి మా అమ్మ ఒప్పుకోదు. బాగున్నదాన్ని పారేయడం ఆమె పుట్టుకలో లేదు. కాబట్టి దీనికి పక్కన పెట్టే చిన్నపెట్టె ఒకటి కావాలి.

ఇందులో నాకు అర్థమైన మొదటి సంగతి సంచీకీ ధాన్యానికీ ఉన్న తేడా. ఎంపీ4, ఎంకేవీ అని ఫైలు పేరు చివర కనిపించేది సంచి మాత్రమే. లోపలి ధాన్యం వేరు. ఒకే రకం సంచిలో రాగులూ పోయవచ్చు, జొన్నలూ పోయవచ్చు. మర ఏ ధాన్యాన్ని ఆడుతుందో అదే మనం అడగాలి. 2003లో వచ్చిన హెచ్.264 అన్న పద్ధతిలో చుట్టిన వీడియోను ఇప్పుడు దొరికే పెట్టెలు దాదాపు అన్నీ ఆడిస్తాయి. 2013 నాటి హెచ్.265 తక్కువ చోటు తీసుకుంటుంది గానీ పాత పెట్టెలకు అది అరగదు. మన ఇంటి క్యాసెట్లకు హెచ్.264 చాలు. పదేండ్ల తర్వాత కూడా అది ఆడే మర దొరుకుతుంది.

రెండవ సంగతి, పెట్టె ఎవరి దయమీద బతుకుతుంది అన్నది. టీవీ వెనుక దూర్చే పుల్లల్లాంటివి వస్తున్నాయి. సినిమాలు చూడడానికి అవి బాగానే ఉంటాయి. కానీ వాటికి ఇంటర్నెట్టు ఊపిరి. మా వీధిలో వాన పడితే ఇంటర్నెట్టుకు జలుబు చేస్తుంది. పైగా గూగుల్‌వాళ్ళు 2013లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ కథ ఉంది. 2024లో దాని తయారీ ఆపేస్తున్నామన్నారు. 2025 మార్చిలో రెండవ తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా దేశదేశాల్లో మూగబోయాయి. లోపలి ధ్రువపత్రం ఒకటి గడువు తీరిపోయిందట, సరిచేయడానికి రోజులు పట్టాయి. గడువు తీరిన పత్రం ఎంత పని చేస్తుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన ఇంటి పెండ్లిని మన ఇంట్లో మనం చూడడానికి ఎక్కడో ఉన్న కంపెనీ సంతకం ఎందుకు?

మూడవది, అగ్గువ పెట్టెలు. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ పెట్టెలు చాలా తక్కువ ధరకు వస్తాయి. అట్లాంటి కొన్నింటిలో, కొన్నవాడి చేతికి రాకముందే దొంగ ప్రోగ్రాములు కూర్చి పెట్టి ఉన్నట్టు 2023లో పరిశోధకులు బయటపెట్టారు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్.బి.ఐ. కూడా ఇటువంటి పెట్టెల గురించి జనాన్ని హెచ్చరించింది. మనం ఫోనులో డబ్బు పంపే వైఫై మీదనే ఆ పెట్టె కూడా కూర్చుంటుంది. బిల్లు, తయారుచేసినవారి పేరు, బి.ఐ.ఎస్. గుర్తు లేనిదాన్ని ఇంట్లో పెట్టుకోకండి.

మా అబ్బాయి ఇంకొక దారి చెప్పాడు. రాస్ప్‌బెర్రీ పై అని 2012 నుంచి వస్తున్న అరచేయంత కంప్యూటరు కొని, "అందులో కోడి పెడతాను నాన్నా" అన్నాడు. ఫోను స్పీకరులో ఉండింది. మా అమ్మ విని, "కోడిని పెట్టెలో పెడితే ఊపిరాడతాదా? గంప కింద మూయమను" అంది. కోడి అన్నది ఒక ప్రోగ్రాము పేరని, 2002లో ఎక్స్‌బాక్స్ అన్న ఆటల పెట్టెకోసం మొదలై, 2014లో ఆ పేరు పెట్టుకుందని వాడు ఓపికగా చెప్పాడు. ఆమెకు నచ్చలేదు. నాకూ కొంచెం భయమే వేసింది. వాడు ఊళ్ళో ఉన్నన్నాళ్ళు అది నడుస్తుంది. వాడు లేనప్పుడు చెడిపోతే మాకు దిక్కెవరు? చేసుకోగల ఓపిక ఉన్నవారికి అది మంచిదారే.

చివరికి బెంగుళూరు నుంచి ఒక కంపెనీ పెట్టె తెప్పించాను. ఆ పేరు కూడా వద్దు. హెచ్.264 ఆడింది, ఎక్స్‌ఫ్యాట్ చదివింది. అన్నీ సరిపోయాయనుకున్నాను. కంప్యూటరులో కూర్చుని ఒక్కొక్క ఘట్టానికీ ఒక ఫైలు కత్తిరించి, వాటికి తెలుగులో పేర్లు పెట్టాను. నలుగు, అవ్వ పాట, పెళ్ళి, అప్పగింతలు. పెన్‌డ్రైవు దూర్చి టీవీ పెట్టాను. తెర మీద వరుసగా పేర్లు వచ్చాయి. చూస్తే, 'అవ్వ' అన్నచోట అ, ఆ పక్కన వ్, ఆ పక్కన వ. పెళ్ళి కూడా అంతే, పొల్లు ళ్, పక్కన ళి. ఒక్క ఒత్తు కూడా కిందికి దిగలేదు.

పోనీలే, అర్థమవుతుంది కదా అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మా మనవరాలు హొసూరులో మూడవ తరగతి చదువుతుంది. సెలవులకు వచ్చి నా పక్కనే కూర్చుని ఉండింది. దానికి నేను ఆదివారాల్లో అఆలు నేర్పుతున్నాను. అక్షరాలు గుర్తుపడుతుంది, ఒత్తులు ఇంకా పట్టుబడలేదు. అది తెర వంక చూసి కూడబలుక్కుని, "అ... వ్... వ. అవ్వ! చదివేస్తిని తాతా!" అని ఎగిరింది.

"చదివితివి గానీ, అది తప్పుగా రాసి ఉంది. ఒత్తు కింద ఉండాలి" అన్నాను.

"తప్పేమి తాతా? తమిళంలో అమ్మ అని ఇట్లే కదా రాసేది? మ్ మీద పుళ్ళి పెట్టి, పక్కన ఇంకో మ. కింద రాస్తే చదివేకి కష్టం. ఇదే బాగుండాది."

నా దగ్గర జవాబు లేకపోయింది. అది అన్నదాంట్లో తప్పు లేదు. తమిళానికి అది అందమైన పద్ధతే. చుక్క పెట్టి పక్కన రాస్తారు, ఒత్తులతో పని లేదు. దాని బడిలో రోజూ చూసేది అదే. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటవ తరగతినుంచి ఏడాదికొక తరగతిగా తమిళం మొదటి భాష అవుతూ, 2015-16కు పదవ తరగతిదాకా వచ్చింది. అల్పసంఖ్యాక భాషలవాళ్ళు కోర్టులకు వెళ్ళి మినహాయింపులు తెచ్చుకున్నారు. ఆ సంగతులు ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. మా మనవరాలికి తెలుగు అక్షరం కనిపించేది రెండేచోట్ల: నా ఆదివారపు పలకమీద, ఈ టీవీ తెరమీద. ఆ తెర కూడా ఒత్తు లేని తెలుగు చూపిస్తే అది దేన్ని నమ్మాలి? పలకను నమ్ముతుందా, టీవీని నమ్ముతుందా? మీకూ తెలుసు.

కంపెనీవాళ్ళకు ఫోను చేశాను. "సినిమా ఆడుతున్నది కదా సార్, పేరు ఎట్లా కనిపిస్తే ఏమి?" అన్నాడు అటువైపు పిల్లవాడు. మా అబ్బాయిని అడిగితే కారణం చెప్పాడు. ప్రపంచ భాషల అక్షరాలకన్నింటికీ అంకెలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయితే అందులో 'అవ్వ' అన్న మాట అ, వ, పొల్లు, వ అని నాలుగు అంకెలుగానే ఉంటుంది. ఆ నాలుగింటినీ చూసి, రెండవ వకారాన్ని ఒత్తుగా మార్చి కిందికి దించే తెలివి, చూపించే ప్రోగ్రాముకు ఉండాలి. కంప్యూటర్లకు, ఫోన్లకు ఆ తెలివి వచ్చి చాలా ఏండ్లయింది. కొన్ని పెట్టెలు చేసేవాళ్ళు ఆ భాగాన్ని కలపరు. అడిగేవాడు లేడు కాబట్టి.

అడిగేవాడు లేడు! ఆ ఒక్కమాట నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు.

పెట్టెను వెనక్కి పంపాను. గడువులోపల ఉండింది కాబట్టి డబ్బు వచ్చింది. తర్వాత ఒక పెన్‌డ్రైవులో పరీక్ష ఫైళ్ళు తయారుచేసుకున్నాను. రెండు నిమిషాల పెండ్లి వీడియోనే ఐదు నకళ్ళు తీసి, వాటికి 'అవ్వ', 'పెళ్ళి', 'శ్రీకృష్ణుడు', 'జ్యోత్స్న', 'రాష్ట్రం' అని పేర్లు పెట్టాను. ఒత్తు మీద ఒత్తు పడే మాటలు కావాలనే వేసుకున్నాను. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఒక శనివారం హొసూరు బస్సెక్కాను.

మొదటి అంగడివాడు పెన్‌డ్రైవు దూర్చడానికే ఒప్పుకోలేదు. రెండవ అంగడిలో దూర్చాడు గానీ అక్షరాలకు బదులు చదరపు డబ్బాలు వచ్చాయి. మూడవచోట మళ్ళీ పొల్లులే. నాలుగవది ఒక చిన్న అంగడి. కూర్చున్నాయనకు నా వయసే ఉంటుంది. నేను తమిళంలో అడిగాను. ఆయన పెన్‌డ్రైవు దూర్చి, తెర చూసి, "ఏమి సార్, అన్నీ తెలుగు పేర్లే ఉండాయి?" అని తెలుగులో అన్నాడు. వాళ్ళది తళి వైపట. ఇంట్లో తెలుగే, చదివింది మాత్రం తమిళమట.

రెండు పెట్టెలు మార్చి చూశాము. మూడవ పెట్టె పెట్టగానే తెర మీద 'శ్రీకృష్ణుడు' నిండుగా వచ్చాడు. క్రారవడి, సుడి, షకారం కింద ణకారపు ఒత్తు అన్నీ ఎక్కడివి అక్కడ. 'రాష్ట్రం'లో టకారం, దాని కింద రేఫ, రెండూ సర్దుకుని కూర్చున్నాయి. అంగడాయన కొంచెంసేపు చూస్తూ ఉండి, "నాకు చదివేకి రాదు సార్. కానీ మా అమ్మ దగ్గర ఉండే భాగవతంలో అక్షరాలు ఇట్లే ఉంటాయి" అన్నాడు. తర్వాత, "ఇన్నేండ్లలో ఎవురూ ఇట్ల అడగలేదు. ఇంకమీద నేనే చూసి తెప్పిస్తా" అన్నాడు. ఆ పరీక్ష ఫైళ్ళు ఆయన అడిగితే కాపీ చేసి ఇచ్చాను. బేరం ఆడడం మరిచిపోయాను.

ఆ సాయంత్రం అందరమూ కూర్చున్నాము. మా చెల్లెలు రాయకోట నుంచి వచ్చింది. టీవీ పెట్టగానే పందిరి, మామిడాకులు, ఆ రోజుల్లో వీడియోవాళ్ళు పట్టుకునే గుడ్డి వెలుతురు దీపం, దాని వెలుగుకు కండ్లు చికిలించుకున్న మా బంధువులు. మా నాయన పంచె సర్దుకుంటూ వచ్చాడు.

మా అమ్మ ముందుకు వంగి చూసి, "ఏమప్పా, మీ నాయిన ఇంత లావుగా యెప్పుడుండె? ఆయప్ప కట్టెపుల్ల మాదిరి కదా ఉండె!" అంది.

నిజమే. పందిట్లో అందరూ అడ్డంగా ఉబ్బి ఉన్నారు. పాత టీవీ బొమ్మ వెడల్పుకు నాలుగు పాళ్ళయితే ఎత్తుకు మూడు. ఇప్పటి టీవీలు పదహారుకు తొమ్మిది. ఆ చదరపు బొమ్మను ఈ పొడుగుతెరకు లాగితే ఎంత బక్కవాడైనా లావైపోతాడు. పెట్టెలో బొమ్మ కొలత మార్చే చోటు వెతికి నాలుగు-మూడుకు పెట్టాను. రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చాయి, మధ్యలో మా నాయన మళ్ళీ కట్టెపుల్ల అయినాడు. "ఆ, ఇప్పుడు మీ నాయినే" అని అమ్మ వెనక్కి వాలింది. మీరు కొనే పెట్టెలో ఈ మార్పుకు రిమోటులో ఒక మీట ఉందో లేదో చూసుకోండి. చాలామంది నల్లపట్టీలు బాగుండవని లాగేస్తారు. మన పెద్దవాళ్ళను మనం గుర్తుపట్టకపోతే నిండుతెర దేనికి?

ఎవరైనా కదిలితే అంచులు దువ్వెన పండ్లలాగా చీలి కనిపించేవి. దానికీ కారణం ఉంది. మన పాత టీవీ పద్ధతిలో సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు. ఒక్కొక్క బొమ్మను రెండు విడతలుగా, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు వేస్తారు. ఇప్పటి తెర రెంటినీ ఒకేసారి చూపిస్తుంది. ఈ రెండు విడతలనూ కలిపి నునుపు చేసే పనిని డీ-ఇంటర్‌లేసింగ్ అంటారు. పెట్టె చేయకపోతే కంప్యూటరులోనే ముందుగా చేసి పెట్టుకోవచ్చు. మా అబ్బాయి అట్లాగే చేసి పంపాడు.

తర్వాత అవ్వ వచ్చింది. నలుగు పెట్టేచోట ఆడవాళ్ళ మధ్య కూర్చుని, చెంపకు చేయి ఆనించుకుని, వియ్యపురాలిని ఎగతాళి చేసే పాట ఎత్తుకుంది. ముప్పై ఏండ్లు దాటాక ఆ గొంతు విన్నాను. సన్నగా, కొంచెం ముక్కుతో, ప్రతి చరణం చివరా నవ్వును ఆపుకుంటూ. మా చెల్లెలు ఏడుస్తూ నవ్వుతూ ఉండింది. నాలుగవ చరణం మొదలైంది. తెరమీద తెల్లటి చారలు పడి, బరబర శబ్దం వచ్చి, అంతా పోయింది. మొదట ఇచ్చినచోట టేపు నలిగింది సరిగ్గా అక్కడే. ఇరవై సెకన్ల తర్వాత బొమ్మ తిరిగి వచ్చేసరికి పాట అయిపోయి అందరూ నవ్వుతున్నారు.

ఎవరమూ మాట్లాడలేదు. మా మనవరాలు, "తర్వాత ఏమి తాతా?" అంది. నాకు తెలియదు. మా చెల్లెలికీ తెలియదు. ఆ పాట ఏ పుస్తకంలోనూ అచ్చయినట్టు నేను చూడలేదు.

మా అమ్మ గొంతు సవరించుకుంది. మా అమ్మ పాడగా నేను ఎన్నడూ వినలేదు. అత్త ముందర కోడలు పాడే ఇల్లు కాదు మాది, అత్త పోయాక అడిగినవారు లేరు. గోడ వంక చూస్తూ, సిగ్గుపడుతూ, ఆ నాలుగవ చరణం మొత్తం పాడేసింది. అది అయ్యాక ఇంకొకటి, "ఇది ఆ పొద్దు పాడలేదు, వియ్యపురాలికి కోపం వస్తాదని మీ అవ్వ మింగేసె" అని అది కూడా పాడింది.

నేను అంత తెలివిగా లేను. ఫోను తీసి పట్టింది మా మనవరాలే.

ఆ ఫైలును కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు పేరు నువ్వే పెట్టు అన్నాను. ఒక్కొక్క మీటా వెతికి కొట్టింది. అ, వ, పొల్లు, మళ్ళీ వ. రెండవ వ కొట్టగానే అది తనకుతానే కిందికి జారి ఒత్తయింది. మా మనవరాలు నోరు తెరిచింది. చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ జారింది. "కిందికి పోయె తాతా!" అంది. ఆ సాయంత్రం ఒత్తు పెట్టగల మాటలన్నీ అడిగి అడిగి కొట్టింది. అమ్మ, అక్క, అన్న, తాత. తాతకు ఒత్తు లేదని నామీద జాలిపడింది.

ఫైళ్ళు ఇప్పుడు మూడుచోట్ల ఉన్నాయి. పెన్‌డ్రైవులో, మా ఇంటి హార్డ్ డిస్కులో, రాయకోటలో మా చెల్లెలి బీరువాలో. ఒక్కచోట పెట్టిన సొమ్మును నేను నమ్మను. క్యాసెట్లను కూడా పారేయలేదు. ఆ నలిగినచోటును సరిచేసేవాడు ఎవరైనా ఎప్పుడైనా దొరకవచ్చు.

ఈ వ్యాసం చదివేవారిలో చాలామంది ఇళ్ళల్లో ఇటువంటి అట్టపెట్టెలు ఉంటాయి. దయచేసి ఈ వారంలోనే దించండి. పెట్టె కొనేటప్పుడు ధర అడగండి, గ్యారంటీ అడగండి. వాటితోపాటు మన మాటలు నాలుగు పెన్‌డ్రైవులో రాసుకుని పోయి, తెర మీద చూపించమని అడగండి. అంగడివాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మా అమ్మకు రిమోటు పట్టడం ఇప్పుడు వచ్చింది. మధ్యాహ్నం సంగటి తిన్నాక తనే పెట్టుకుంటుంది. నిన్న బ్యాంకు నుంచి ఇంటికి వచ్చేసరికి టీవీలో అవ్వ పాడుతోంది. అమ్మ ఇంకొక చరణం గుర్తుచేసుకోవడానికి పెదవులు కదుపుతూ ఉంది. నన్ను చూసి చేయెత్తి, "ఉండప్పా, వస్తా ఉండాది" అంది. నేను చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడిపోయాను.